పోయిన మంగళవారం తప్పుకు చోటెక్కడ? విజయవాడ, గుంటూరు సంఘాల కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం నడిపే అమ్మగార్లకు ప్రభువు నామంలో వందనాలు.

మన సంఘాల్లో రెండు రకాల పాపాలకు చోటుంది. రక్షణ పొందకముందు చేసినవి మొదటి రకం. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు వాటిని ధారాళంగానే చెబుతారు: తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి, ఇంట్లోవాళ్ళను ఏడిపించేవాణ్ణి, ఫలానా సభల్లో దేవుడు నన్ను పట్టుకున్నాడు. రెండో రకం అందరం ఒక్క గొంతుతో ఒప్పుకునేది. ఆరాధన క్రమంలో ఒప్పుకోలు వస్తుంది, తలంపులతో మాటలతో క్రియలతో పాపం చేశామంటాం, క్షమాపణ ప్రకటన వింటాం, కీర్తన నంబరు చెబుతారు, పుస్తకం తిరగేస్తాం. బాప్తిస్మం పుచ్చుకుని ఇరవై ఏళ్ళయిన విశ్వాసి పోయిన మంగళవారం చేసిన తప్పుకు మాత్రం ఎక్కడా చోటు లేదు. సాక్ష్యంలో చెబుదామంటే అది ఇంకా గతం కాలేదు. ఉమ్మడి ఒప్పుకోలులో కలిపేద్దామంటే ఇట్టే కలిసిపోతుంది. కలిసిపోయి మళ్ళీ కనబడదు, అదే ఇబ్బంది.

ఆ చోటు చూపించమని అడగడానికే ఈ లేఖ. మేం అడుగుతున్నది కొత్త పరిచర్య కాదు, కొత్త ఫ్లెక్సీ అసలే కాదు. నెలకొకసారి, సంస్కారపు ఆదివారానికి, అంటే ప్రభు భోజనం పుచ్చుకునే ఆదివారానికి, ముందు శనివారం సాయంత్రం ఒక గంట. మైకు, పాటలు, ప్రసంగం లేని గంట. ఎవరి తప్పుకు వాళ్ళు పేరు పెట్టి ఒప్పుకుని, సరిదిద్దుకునే దారి మాట్లాడుకునే గంట. సంస్కారానికి ముందు ఆయత్తపడడం పాత సంఘాలకు తెలియని సంగతేం కాదు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని మొదటి కొరింథీ 11లో ఉన్న మాటను బల్ల దగ్గర చదువుతూనే ఉన్నాం. చదివిన అర నిమిషానికి రొట్టె చేతికొస్తుంది. అర నిమిషంలో ఎవరు ఏం పరీక్షించుకుంటారు?

"పాపము చేసితిని" అని సౌలూ అన్నాడు, దావీదూ అన్నాడు. మొదటి సమూయేలు 15, రెండో సమూయేలు 12 పక్కపక్కన పెట్టి చూడండి. మాట ఒక్కటే, తేడా అంతా ఆ తరవాత అన్నదాంట్లో ఉంది. జనానికి జడిసి అలా చేశానన్నాడు సౌలు. కాసేపటికి పెద్దల ఎదుట, ఇశ్రాయేలీయుల ఎదుట నన్ను ఘనపరచమని అడిగాడు. తప్పు జనం మీదికి పోయింది, పరువు మాత్రం తనకు కావాల్సి వచ్చింది. దావీదు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాడు. మన దగ్గర వినబడే ఒప్పుకోళ్ళు చాలావరకు సౌలు వరసలోనే నడుస్తాయి: "కోపం వచ్చిన మాట నిజమే బ్రదర్, కానీ ఆవిడ కూడా అలా అనకుండా ఉండాల్సింది." "కానీ" దగ్గర ఒప్పుకోలు ఆగిపోయి ఫిర్యాదు మొదలవుతుంది. వినడానికి కూర్చునేవాళ్ళకు మొట్టమొదట నేర్పాల్సింది ఈ "కానీ"ని పట్టుకోవడం. గద్దించనక్కర్లేదు. "ఆవిడ సంగతి ఆవిడ చెప్పుకుంటుందిలెండి, మీ సంగతి చెప్పండి" అంటే చాలు.

ఒప్పుకోలు ఒప్పుకోలుగా నిలబడాలంటే అందులో చేసిన పని ఉండాలి, ఎవరికి చేశామో ఉండాలి, ఎన్నాళ్ళుగా అన్నది ఉండాలి, వాళ్ళకెంత నష్టమైందో ఉండాలి, ఇప్పుడేం చెయ్యబోతున్నామో ఉండాలి. గుంటూరు మిర్చి యార్డులో లావాదేవీలున్న విశ్వాసి ఒకాయన "వ్యాపారంలో చిన్నచిన్న లోపాలున్నాయి, ప్రార్థన చెయ్యండి" అన్నాడనుకుందాం. ఆమేన్ అనడం తప్ప దానికి ఎవరూ చెయ్యగలిగిందేమీ లేదు. అదే మనిషి "ఈ సీజన్లో ఒక రైతు దగ్గర 30 టిక్కీలు (మిర్చి బస్తాలు) తీసుకున్నాను, తేమ ఉందని చెప్పి టిక్కీకి కిలో చొప్పున ఎక్కువ తరుగు తీశాను" అంటే సంగతి మారిపోతుంది. పాపానికి తూకం తెలిసింది, 30 కిలోలు. ఆ రోజు ధర కిలో 150 రూపాయలైతే 4,500. ఎవరికివ్వాలో తెలుసు, ఆ రైతు నంబరు ఫోన్లో ఉంది. అటువైపు రైతు తాలుకాయలు కిందికి తోసి పైన మంచికాయ పేర్చినా, నీళ్ళు చల్లి బరువు పెంచినా లెక్క ఇలాగే కట్టొచ్చు. ఆటోనగర్లో పాత పార్టు వేసి కొత్తదాని బిల్లు రాసినవాడికీ, చీటీ పాడుకుని ఎగ్గొట్టినవాడికీ ఇదే పద్ధతి.

లెక్క కట్టాక ఏం చెయ్యాలో లేవీయకాండం 6వ అధ్యాయం మొదట్లోనే ఉంది. అపహరించిన సొత్తు పూర్తిగా ఇచ్చెయ్యాలి, దానికి అయిదో వంతు కలపాలి, అపరాధ పరిహార బలి తెచ్చే రోజునే సొత్తుదారుడికి అందజెయ్యాలి. పై లెక్కలో అయిదో వంతు 900, మొత్తం 5,400. సువార్తలో సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది ధర్మశాస్త్రం అడిగినదానికి మించిన మాట. అందరినీ నాలుగంతలని బెదరగొడితే ఒక్కంత కూడా బయటికి రాదు. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకింతని రాసుకుని ఇవ్వాలి. ఇవ్వాల్సినవాడు చనిపోతే వారసులకివ్వాలి. వారసులు కూడా దొరకనప్పుడు సంఖ్యాకాండం 5 ప్రకారం అది యాజకుడికి చెందుతుంది. ఈ కాలంలో మాత్రం ఆ డబ్బు పాస్టరుగారి చేతికి గాని, మందిర నిర్మాణ నిధికి గాని రాకపోవడమే మంచిదని మా అభిప్రాయం. పేదవాళ్ళ ఆసుపత్రి బిల్లుకో స్కూలు ఫీజుకో నేరుగా కట్టించి రసీదు చూడండి. రైతుకివ్వాల్సిన డబ్బును కానుకల పెట్టెలో వేసి చేతులు దులుపుకోవడం మన దగ్గర బాగా అలవాటైన పని, పైగా దానికి "స్పెషల్ కానుక" అని పేరు చదివి చప్పట్లు కూడా కొట్టిస్తున్నాం. ఆ కవరు మీద పేరు చదివేముందు ఒక్కసారి ఆలోచించండి.

డబ్బు తప్పుల్లో మన రెండు ఊళ్ళ విశ్వాసులు తప్పే అనుకోనిది కట్నం. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం అయిదేళ్ళ జైలు, 15,000 రూపాయలు గాని కట్నం విలువ గాని ఏది ఎక్కువైతే అంత జుల్మానా. మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటనలు చదువుతాం, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమంటాం, లాంఛనాలెంతో తెలిసినవాళ్ళంతా బెంచీల్లో గమ్మున కూర్చుంటారు. ఇందులో కూడా దిద్దుబాటుకు దారుంది, అది ఆ చట్టంలోనే ఉంది: ఆరో సెక్షను ప్రకారం అమ్మాయి కాకుండా ఇంకెవరైనా పుచ్చుకున్న కట్నాన్ని మూడు నెలల్లోపు ఆ అమ్మాయికే బదిలీ చెయ్యాలి. చెయ్యకపోతే అది వేరే నేరం. పశ్చాత్తాపపడిన మామగారు ప్రార్థన చేయించుకుంటే సరిపోదు. ఆ స్థలం కోడలి పేరున రిజిస్టరు కావాలి, ఆ బంగారం ఆవిడ లాకర్లోకి చేరాలి, డిపాజిట్టు ఆవిడ పేరున ఉండాలి. మూడు నెలలు దాటిపోయి ఏళ్ళు గడిచినా ఇవ్వాల్సిన బాధ్యత పోదు. చట్టపరంగా ఎలా ఇవ్వాలో వకీలును అడిగి చెయ్యమనండి.

మాటతో చేసిన తప్పులకు తూకం లేదు గాని దూరం ఉంది. మాట ఎంతదూరం పోయిందో ఒప్పుకోలు అంతదూరం పోవాలి, అంతకు మించి పోకూడదు. ఇద్దరి మధ్య జరిగింది ఇద్దరి మధ్యే తేలాలి. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన నిందను ఆ గ్రూపులోనే వెనక్కి తీసుకోవాలి, చాటుగా సారీ చెబితే చెల్లదు. పనులు ఏ వరసలో చెయ్యాలన్నది కూడా ముఖ్యం. ఒకమ్మాయి సంబంధం చెడగొట్టే మాట అన్నవాళ్ళు ముందు ఆ మాట విన్నవాళ్ళకు ఫోన్ చేసి "నేను చెప్పింది అబద్ధం" అనాలి. ఆ తరవాతే అమ్మాయి దగ్గరికి వెళ్ళాలి. "ఫలానా రోజు, ఫలానా వాళ్ళతో నీ గురించి ఇలా అన్నాను. అది నిజం కాదు. నిన్న వాళ్ళకు ఫోన్ చేసి నిజం కాదని చెప్పాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను." ఇంతే. "నిన్ను ఎప్పుడైనా బాధపెట్టి ఉంటే క్షమించు" అన్నది క్షమాపణ కాదు, బాధపడడం నీ తప్పేమో అని చల్లగా అంటగట్టడం. క్షమించేదీ లేనిదీ అక్కడికక్కడే చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు. క్రైస్తవుడివై ఉండి క్షమించవా అని వాక్యం తీసి ఎదుటివాళ్ళ మీదికి విసరడం ఇంకో తప్పు, దానికి మళ్ళీ ఇంకో శనివారం కావాలి.

మనసులోనే ఉండిపోయిన తప్పుల దగ్గర ఉత్సాహవంతులు చాలా పాడుచేస్తారు. "నీ మీద అసూయపడ్డాను సిస్టర్", "మీ మీద చెడు తలంపు వచ్చింది" అని ఏమీ తెలియని మనిషి దగ్గరికి వెళ్ళి చెప్పేస్తే, చెప్పినవాడి బరువు దిగిపోతుంది, విన్నవాళ్ళకు ఆ రాత్రి నిద్రుండదు. మత్తయి 5:23 అడిగేది నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉంటే వెళ్ళమని. అతనికి తెలియనిది దేవుడితో, నమ్మకమైన ఒక మనిషితో చెప్పుకుని వదిలెయ్యాలి. ఈ ఒక్క కట్టడి పాటించకపోతే శనివారం కూడిక పెట్టకపోవడమే నయం.

మత్తయి 5 అన్నాం కాబట్టి ఒక మాట. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళ 1950 నాటి ప్రభు భోజన క్రమంలో కానుకలకు ముందే సమాధానం, అంటే శాంతి పలకరింపు, అందించుకోవడం ఉంది, చేతుల మీదుగా బెంచీ నుంచి బెంచీకి వెళ్తుంది. సరిగ్గా ఆ వాక్యం కోసమే పెట్టిన ఏర్పాటది. పక్కనున్నవాళ్ళతో చేతులు కలుపుతాం, ఆస్తి తగాదాలో మాటల్లేని తోడబుట్టినవాడు మూడు బెంచీల అవతల ఉంటాడు. లేచి ఆ మూడు బెంచీలు నడవడానికి ఎవరికైనా సమయం చాలేలా ఆ పూట ఆర్గాన్ కాస్త ఎక్కువసేపు వాయించమనండి.

శనివారం గంట నిండాలంటే ముందు వారమంతా ఇంటి దగ్గర కొంత పని జరగాలి. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరుకు వచ్చినప్పటి నుంచీ లూథరన్ మిషను ఈ గడ్డ మీద ఉంది, 1529లో లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తర బోధ కన్ఫర్మేషను పిల్లలకు ఇప్పటికీ చెబుతారు. ఏ పాపాలు ఒప్పుకోవాలి అన్న ప్రశ్నకు అందులో ఉన్న జవాబు చాలా పనికొచ్చేది: పది ఆజ్ఞలు ముందు పెట్టుకుని నీ స్థానాన్ని చూసుకో. నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, పనివాడివా? అవిధేయత, సోమరితనం, మోసం ఉన్నాయా? మాటతో గాని చేతతో గాని ఎవరినైనా నొప్పించావా? దొంగిలించావా, అశ్రద్ధ చేశావా, పాడుచేశావా? ఇలా స్థానం పట్టుకుని అడిగితే జవాబు తప్పించుకోవడం కష్టం. "నేను గర్విష్ఠిని" అనడం సులువు, అందులో కాస్త గొప్ప కూడా ఉంది. "ఇంట్లో పనిమనిషికి జ్వరమొచ్చి మానేసిన మూడు రోజుల జీతం కోశాను" అనడం కష్టం.

విజయవాడలో 1953లో పెట్టిన లొయోలా కాలేజీకి ఎవరి పేరుందో ఆ ఇగ్నేషియస్ లొయోలా, జెస్యూట్ సభ స్థాపకుడు, ఆయన దగ్గర ఇంకో పనిముట్టుంది. ఒక్క తప్పునే పట్టుకోమంటాడాయన. పొద్దున లేవగానే ఇవాళ దాన్ని చెయ్యనని అనుకోవాలి. మధ్యాహ్నం భోజనం తరవాత, రాత్రి భోజనం తరవాత గంట గంటగా వెనక్కి చూసుకుని ఎన్నిసార్లు పడ్డామో అన్ని చుక్కలు గీత మీద పెట్టాలి. రోజుకు రెండు గీతలు, వారానికి ఏడు జతలు. మధ్యాహ్నం గీతను రాత్రి గీతతో, నిన్నటిని ఇవాళ్టితో, పోయిన వారాన్ని ఈ వారంతో పోల్చి చూడాలి. దీనికి చేతి నోటుబుక్కులో ఒక్క పేజీ చాలు. ప్రొటెస్టెంట్లు వాడుకుంటే వచ్చిన నష్టమేం లేదు, చుక్కలకు డినామినేషను లేదు.

ఇందులో ఎక్కువమంది బోర్లాపడేది తప్పును ఎంచుకునే దగ్గర. కోపం, గర్వం, అవిశ్వాసం అని గుణాలు రాసుకుంటారు. గుణానికి చుక్క పెట్టలేం, పనికే పెట్టగలం. "పిల్లాడు లెక్క తప్పు చేసినప్పుడు మొట్టికాయ వెయ్యడం", "అత్తగారి ఫోన్ కావాలని ఎత్తకపోవడం", "ఆఫీసులో ఒకరి పని నాదని చెప్పుకోవడం" అని రాసుకోవాలి. రెండో పొరపాటు, ఒకేసారి ఏడెనిమిది పట్టుకోవడం. బుధవారానికల్లా పుస్తకం మూతబడుతుంది. మూడోది చుక్కలు తగ్గకపోతే ప్రార్థన సరిపోలేదనుకుని ఉపవాసం పెంచడం. ఆ మొట్టికాయలన్నీ రాత్రి ఎనిమిదింటికే పడుతున్నాయని గీతలు చూపిస్తుంటే, లెక్కలు పొద్దుటికి మార్చుకుంటే సగం తగ్గుతాయి. 21 రోజుల ఉపవాసం చెయ్యలేని పని టైంటేబుల్ చేస్తుందని చెప్పడం భక్తి తక్కువ మాటలా ఉంటుందేమో. చుక్కలు తగ్గించడమే మాకు ముఖ్యం.

ఇక నాలుక. చాడీ మన సంఘాల్లో చాడీలా రాదు, ప్రార్థన విన్నపంలా వస్తుంది. "ఫలానా వాళ్ళమ్మాయి కోసం భారంగా ప్రార్థించండి సిస్టర్, పేరు చెప్పకూడదు, మన మూడో లైన్లోవాళ్ళే." ఉపవాస కూడిక ముగిసేసరికి మూడో లైనంతా తెలిసిపోతుంది. స్త్రీలనే అనడం న్యాయం కాదు, సెషను (సంఘ పెద్దల) మీటింగులు అయ్యాక మగవాళ్ళు చర్చి గేటు దగ్గర చేసేదీ ఇదే. ఇంకొకరి సంగతి ప్రార్థనకు పెట్టాలంటే వాళ్ళ అనుమతి తీసుకోవాలి. తీసుకోలేకపోతే ఇంట్లో మోకాళ్ళూని ప్రార్థించుకోవాలి, దేవుడికి అడ్రసు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు వినేవాళ్ళ విషయం. ఈ గంట నిలబడేదీ కూలేదీ ఇక్కడే. గుణదల మరియమ్మ గుడిలో పాపసంకీర్తనానికి, అంటే గురువుతో పాపాలు చెప్పుకోవడానికి, నిలబడే కతోలికులను చూసి, మనిషికి చెప్పుకోవడమెందుకు, దేవుడికి చెప్పుకుంటే చాలదా అంటాం. యాకోబు 5:16 "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అంటున్నది, ఆ మాట కతోలికుల బైబిల్లోనే కాదు, మన బైబిల్లోనూ ఉంది. వాళ్ళ దగ్గర ఉన్నదీ మన దగ్గర లేనిదీ ముద్ర. విన్న గురువు ఎట్టి పరిస్థితిలో, మాటతో గాని ఇంకోలా గాని బయటపెట్టకూడదని వాళ్ళ సంఘ చట్టం (కానన్ లా) 983వ సూత్రం చెబుతుంది, నేరుగా మీరితే ఆ క్షణానికే వెలి. మన దగ్గర శుక్రవారం చెప్పుకున్నది ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వినబడుతుంది. పేరు చెప్పరు. రెండు వందల కుటుంబాలున్న సంఘంలో పేరెందుకు, "ఈ మధ్యే ఇల్లు కట్టుకున్న ఒక సహోదరుడు" అంటే తలలన్నీ ఒకవైపే తిరుగుతాయి. తల తిరిగిన ఆ ఒక్క ఆదివారంతో సంఘం మొత్తం నోరు కుట్టేసుకుంటుంది, పదేళ్ళదాకా విప్పదు. కాబట్టి కాపరులకు మా మొదటి విన్నపం: విన్నది ప్రసంగంలోకి రాదని, ఇంట్లో అమ్మగారికి కూడా తెలియదని పుల్పిట్ మీద నుంచే ఒకసారి మాట ఇవ్వండి.

పాస్టరుగారొక్కరే అందరివీ వినలేరు, వినకూడదు కూడా. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో తన చిన్న గుంపులకు పెట్టిన నియమాల్లో వారానికోసారి కలవాలని ఉంది. పోయినసారి కలిసిన తరవాత తెలిసి చేసిన పాపమేమిటి, ఎదురైన శోధనలేమిటి, వాటిలోంచి ఎలా బయటపడ్డారు, పాపమో కాదో తేల్చుకోలేనిదేమైనా ఉందా అని అడగాలని ఉంది. ఆ గుంపుల్లో ఆడవాళ్ళు వేరు, మగవాళ్ళు వేరు. మన సంఘాల్లో ముగ్గురు నలుగురు స్త్రీలను, ముగ్గురు నలుగురు పురుషులను ఎంచుకుంటే సరిపోతుంది. ఎన్నికల్లో గెలిచారని ఎంచుకోవద్దు. నోరు జారని మనిషి ఎవరో సంఘంలో అందరికీ తెలుసు, తరచు ఆవిడ ఏ కమిటీలోనూ ఉండరు. చెప్పుకునేవాళ్ళకు బంధువు గాని, అప్పిచ్చినవారు గాని, పై అధికారి గాని అయినవాళ్ళు వాళ్ళది వినకూడదు. గది తలుపు వేసుకోవద్దు, కనబడేంత దూరంలో, వినబడనంత దూరంలో కూర్చోండి. కాగితం మీద ఏమీ రాయొద్దు. ఫోన్లు బయట బల్ల మీద. విన్నాక సలహాల వాన కురిపించకుండా "దీన్ని ఎప్పటిలోగా సరిదిద్దుతారు?" అని ఒక తేదీ అడిగి, మొదటి యోహాను 1:9 చదివి, ఆ తేదీ దాటాక ఒకసారి అడగాలి. ఒక్కసారే. రెండోసారి అడిగితే అది నిఘా.

రహస్యానికి ఒక హద్దుంది, దాన్ని ఎవరూ నోరు విప్పకముందే చెప్పెయ్యాలి. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం సంగతి తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు తెలపాల్సిందేనని 2012 పోక్సో చట్టం 19వ సెక్షను అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థకు బాధ్యుడైనవాడు తన కింద పనిచేసేవాడి నేరం దాస్తే ఏడాది వరకు. సండేస్కూలు, హాస్టలు నడిపే సంఘాలకు ఇది నేరుగా తగులుతుంది. "సంఘం పరువు" అన్న మాట అక్కడ ఎవరి నోటా రాకూడదు. సహాయానికి ఫోన్ నంబర్లు: పిల్లలకు 1098, స్త్రీలకు 181. భార్యను కొట్టిన మనిషి ఏడ్చి ఒప్పుకుంటే, ఆ కన్నీళ్ళు చూపించి ఆవిణ్ణి అదే రాత్రి ఇంటికి పంపకండి. మత్తయి 18 ప్రకారం నువ్వే ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని దెబ్బలు తిన్నావిడకు చెప్పడం వాక్యాన్ని వాడుకోవడం కాదు, ఆవిణ్ణి ప్రమాదంలోకి నెట్టడం.

ఒప్పుకోలుతో తీరనివి, డాక్టరు చూడాల్సినవి రెండున్నాయి. రోజూ బాగా తాగే మనిషి సంస్కారం ముందు ఒప్పుకుని ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనబడడం రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. దాన్ని దురాత్మ అనుకుని అన్నం నీళ్ళు లేకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడితే చేతులారా చంపినట్టే. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి మానాలి, ప్రార్థన మంచం పక్కన చెయ్యొచ్చు. రెండోది, ఒకే పాపాన్ని వారం వారం ఒప్పుకుంటూ క్షమాపణ దొరికిందో లేదోనని నిద్రపట్టని మనస్సాక్షి. వీళ్ళకు చుక్కల పుస్తకం ఇవ్వకండి, విషం ఇచ్చినంత పని అవుతుంది. చెప్పిందే మళ్ళీ చెప్పనివ్వకుండా "అది అయిపోయింది" అని ఆపి, మానసిక వైద్యుల దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడొచ్చు.

పది ఆజ్ఞలన్నీ వెతికినా మనకు తట్టని తప్పు కులం. సంఘంలో ఒకే బల్ల, ఒకే గిన్నె. సంబంధాల దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్ళలో" అన్న ఒక్క మాటతో సగం సంఘం పక్కకు పోతుంది, పెద్దల ఎన్నికల్లో ప్యానెళ్ళు దేన్ని బట్టి కూడతాయో అందరికీ తెలుసు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉండి, యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గాడు. పౌలు దాన్ని చాటుగా సర్దలేదు, అందరి ఎదుట నిలదీశాడని గలతీ 2లో ఉంది. బంతిలోంచి లేచిన తప్పు అందరూ చూసిన తప్పు. దాన్ని శనివారం గదిలో చెప్పుకుంటే సరిపోదు.

అందుకే పెద్దలకు చివరి విన్నపం. ఈ గంట మీతో మొదలవ్వాలి. మొదటి తిమోతి 5 పెద్ద మీద నింద వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలంటుంది, నిజమని తేలితే అందరి ఎదుట గద్దించమంటుంది. మన దగ్గర మొదటి సగం బాగా గుర్తుంటుంది. లెక్కలు సకాలంలో చూపించకపోవడం, ఎదుటి వర్గం మీద కోర్టులో తెలిసి అబద్ధపు అఫిడవిట్ వెయ్యడం, పాస్టరుగారి బదిలీ ఆపడానికి సంతకాలు కూడగట్టడం, ఇవన్నీ సంఘం చూస్తుండగా జరిగిన పనులు, ఒప్పుకోవాల్సింది సంఘం ముందే. కాపరులకు కూడా వినే మనిషి ఉండాలి, తమ సంఘంలో కాదు, పక్క ఊళ్ళో తమకంటే పెద్ద కాపరి ఎవరైనా. గుంటూరు కాపరికి విజయవాడ గంట దూరమే.

వచ్చే సంస్కారపు ఆదివారంతో మొదలుపెట్టండి. మొదటి నెల నలుగురే రావచ్చు, ఇద్దరే రావచ్చు. వచ్చినవాళ్ళను లెక్కపెట్టి రిపోర్టులో రాయకండి, ఫొటో తియ్యకండి. తలుపులు ఏ గంటకు తీస్తారో, ఎవరెవరు వింటారో ఆ ముందు ఆదివారం ప్రకటనల్లో చదవండి, రహస్యం గురించి మీరిచ్చే మాట, దానికున్న హద్దు కూడా అక్కడే చదవండి.

ప్రభువునందు,
విజయవాడ, గుంటూరు సంఘాల్లో పనిచేస్తున్న కొందరు సండేస్కూలు టీచర్లు, గృహ కూడికలు నడిపేవాళ్ళు